జెర్రీ మాక్ విమానంలో రెండు తీగలు

1964 మార్చి 19న జెర్రీ మాక్ ఒక చిన్న సెస్నా విమానంలో ప్రపంచాన్ని చుట్టి రావడానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న కొలంబస్ నుంచి ఒక్కతే బయల్దేరింది. గాల్లోకి లేచిన కాసేపటికే, దూరానికి వినిపించాల్సిన హెచ్‌ఎఫ్ రేడియో పలకడం లేదని తెలిసింది. పిలిచినా జవాబు లేదు. తర్వాత విప్పి చూస్తే లోపల ఒక తీగ అసలు కలిపే లేదు.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. బెంగళూరు జలహళ్ళిలో ట్రేడ్ నేర్చుకున్నాను, తర్వాత ఊళ్ళు తిరిగాను. అందుకే ఆవిడ కథలో సముద్రాలూ ఎడారులూ దాటిన ఘట్టాలకన్నా ఈ తీగ దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా దగ్గర సెట్టు బిగించాక కనెక్టర్ పట్టుకుని ఒకసారి లాగి చూడాలి. ఆన్ చేసి టవర్‌తో మాట్లాడాలి. ఆ తర్వాతే ఎఫ్-700లో, అంటే విమానం సర్వీసింగ్ వివరాలు రాసే ఫారంలో, సంతకం. నా సంతకం కింద ఇంకొకరి సంతకం. పైలట్ ఆ కాగితం చూసి ఎక్కుతాడు తప్ప ప్యానెల్ వెనక్కి తొంగి చూడడు. ప్రపంచం చుట్టడానికి వెళ్ళే విమానంలో సెట్టు పెట్టి తీగ కలపకుండా వదిలేశారంటే, ఎవరూ ఆన్ చేసి చూడలేదన్నమాట. ఎవరైనా కావాలనే చేశారేమో అనే మాట కూడా తర్వాత వచ్చింది. నాకు తెలిసినంతలో ఇలాంటివి ఎక్కువగా మరుపు వల్లే జరుగుతాయి. 'మిగతాది పొద్దున చూద్దాం' అని లేచి వెళ్తారు. పొద్దున డ్యూటీకి ఇంకొకరు వస్తారు.

మామూలు వీహెచ్ఎఫ్ రేడియో కంటిచూపు లాగే నేరుగా పోతుంది, భూమి వంపు దాటదు. పదివేల అడుగుల ఎత్తులో ఎగురుతుంటే సుమారు 120 నాటికల్ మైళ్ళ వరకు పనికొస్తుంది, అంతే. ఆవిడ మొదటి మజిలీ బెర్ముడా. అమెరికా తీరంలో దానికి బాగా దగ్గరున్న చోటు నుంచే దాదాపు 650 మైళ్ళు. ద్వీపం విస్తీర్ణం మొత్తం 21 చదరపు మైళ్ళకు కాస్త అటూ ఇటూ. అది తప్పితే ముందున్నది అట్లాంటిక్. దారిలో ఎవరితోనూ మాట్లాడే వీల్లేకుండా, రేడియో బీకన్ వైపు ముల్లు తిప్పే ఏడీఎఫ్‌నీ తన లెక్కల్నీ నమ్ముకుని ఆవిడ ఆ చుక్కంత ద్వీపాన్ని పట్టుకుంది. అమెరికా పత్రికలు మాత్రం ఆవిడకి 'ఎగిరే గృహిణి' అని పేరు పెట్టాయి.

మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. వాళ్ళింటికి దగ్గర్లోనే, డల్లెస్ ఎయిర్‌పోర్ట్ పక్కన, స్మిత్‌సోనియన్ వాళ్ళ ఉడ్వర్-హేజీ మ్యూజియం ఉంది. డిస్కవరీ స్పేస్ షటిల్, కాంకార్డ్, హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే అన్నీ అక్కడే. మనవడు షటిల్ దగ్గరికి లాక్కెళ్ళాడు, చూశాం. తర్వాత నేను వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం ఎరుపు, తెలుపు రంగుల్లో ఉన్న ఒక సెస్నా 180 కోసం. రిజిస్ట్రేషన్ నంబరు ఎన్1538సీ. 1953లో తయారైంది. ప్రపంచ యాత్రకి వెళ్ళేనాటికే దాని వయసు పదకొండేళ్ళు. ఆవిడ దానికి 'స్పిరిట్ ఆఫ్ కొలంబస్' అని పేరు పెట్టింది, ముద్దుగా పిలిచేది మాత్రం చార్లీ అని. ఇంతేనా అనిపించేంత చిన్న విమానం. ముక్కు నుంచి తోక దాకా 26 అడుగులు, ఒకే ఇంజిన్. ఇందులోనే నలుగురికి బదులు ఒకరు కూర్చుని, మిగతా సీట్లు పీకేసి వాటి చోట పెట్రోలు ట్యాంకులు పెట్టించుకున్నారు. ఆ ట్యాంకులు ఆవిడ పక్కనా వెనకా. వాసన కూడా వచ్చేంత దగ్గర.

జెర్రీ 1925లో ఒహాయోలోనే నెవార్క్ అనే ఊళ్ళో పుట్టింది. ఏడేళ్ళప్పుడు ఫోర్డ్ ట్రైమోటర్ విమానంలో కాసేపు తిరిగి, పెద్దయ్యాక పైలట్‌ని అవుతానంది. అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ ప్రపంచయాత్ర వార్తలు రేడియోలో వింటూ పెరిగింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో చేరింది. క్లాసులో అమ్మాయి తనొక్కతే. 1945లో పెళ్ళి చేసుకుని చదువు ఆపేసింది. ముగ్గురు పిల్లలు. ముప్పై దాటాక, 1956లో, విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్ళకి లైసెన్సు తెచ్చుకుంది.

ఇంట్లో కూర్చుని విసుగొస్తోందని ఒకరోజు మొగుడితో అంటే, అయితే విమానం వేసుకుని ప్రపంచం చుట్టి రారాదూ అని రస్ మాక్ వేళాకోళం చేశాడట. ఆవిడ సరేనంది. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఇక్కడ నవ్వి ముందుకు పోతారు. ఆవిడ ఆ తర్వాత చేసిన పని చూడండి. విమానయాన రికార్డులు చూసే నేషనల్ ఏరోనాటిక్ అసోసియేషన్‌కి రాసి, నేను వెళ్ళే దారిలో ఆడవాళ్ళ రికార్డులు ఏమున్నాయి, వేటిని కొట్టవచ్చు అని అడిగింది. ఈపాటికి ఎవరో ఒక స్త్రీ ప్రపంచాన్ని చుట్టే ఉంటుందని ఆవిడ అనుకుంది. ఎవరూ లేరని జవాబు వచ్చింది. అమీలియా 1937లో నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో కలిసి వెళ్ళి పసిఫిక్‌లో మాయమైపోయాక ఇరవై ఏడేళ్ళపాటు ఆ పని అలాగే ఉండిపోయింది.

అప్పట్నుంచి ఏడాదికి పైగా సన్నాహాలు. మ్యాపులు, వీసాలు, ఒక్కో దేశం మీదుగా ఎగరడానికి అనుమతులు, ఏ ఊళ్ళో ఏ పెట్రోలు దొరుకుతుందో వివరాలు. రాత్రిపూట, మబ్బుల్లో, పరికరాలు మాత్రమే చూసి నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. బయల్దేరేనాటికి ఆవిడకి ఉన్నది సుమారు 750 గంటల అనుభవం. ఎక్కువేం కాదు. అందులో సముద్రం మీద ఎగిరింది దాదాపు లేనట్టే. మొగుడు ప్రకటనల రంగంలో మనిషి కాబట్టి డబ్బు, పత్రికల వ్యవహారం ఆయన చూశాడు. స్థానిక పత్రిక కొలంబస్ డిస్పాచ్ సాయం చేసింది. అందుకు బదులుగా ఆవిడ ఎక్కడ దిగితే అక్కణ్ణుంచి కబుర్లు పంపాలి.

ఇంతలో పోటీ ఒకటి వచ్చిపడింది. కాలిఫోర్నియాకి చెందిన జోన్ మెరియమ్ స్మిత్, ఇరవై ఏడేళ్ళ పైలట్, ఆవిడ కూడా అదే పని చేయాలనుకుంటోంది. ఇద్దరికీ ముందు ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రికార్డుకి అధికారిక అనుమతి ఒక సమయంలో ఒక్కరికే ఇస్తారు. జెర్రీ దరఖాస్తు ముందు చేరింది కాబట్టి ఆవిడకి దక్కింది. జోన్ ఆగలేదు. రెండు ఇంజిన్ల పైపర్ అపాచీ విమానంలో మార్చి 17న ఓక్లాండ్ నుంచి బయల్దేరింది. అమీలియా వెళ్ళిన భూమధ్యరేఖ దారినే వెళ్తానని పట్టు. అది చాలా పొడవైన దారి. కాగితం లేకపోయినా ముందు తిరిగొస్తే లోకం తననే గుర్తుపెట్టుకుంటుందని ఆవిడ లెక్క అయ్యుంటుంది. పత్రికలు దీన్ని పందెం చేశాయి. జెర్రీ తనది పందెం కాదంటూనే రెండు రోజుల తర్వాత బయల్దేరింది. ఏప్రిల్‌లో వెళ్దామనుకున్న ప్రయాణం ఈ గొడవ వల్లే ముందుకు జరిగింది. హడావిడిగా వెళ్ళేటప్పుడు తీగలు ఊడి ఉండటం నాకేమీ వింతగా లేదు.

బెర్ముడాలో దిగినప్పుడు గాలి ఎంత గట్టిగా ఉందంటే నేల మీద నడుస్తున్న విమానాన్ని ఈడ్చి తిప్పేసింది. వెనక చక్రం ఉన్న విమానాలతో ఇదే బాధ. ఆ తర్వాత వాతావరణం కుదరక వారం రోజులు అక్కడే. ఇంటి నుంచి మొగుడి ఫోన్లు: జోన్ ఫలానా చోటికి వెళ్ళిపోయింది, నువ్వింకా అక్కడే ఉన్నావు. అట్లాంటిక్ మీద తుఫానులుంటే ఈవిడ ఏం చేస్తుంది! ఆ ఫోన్లు దారి పొడుగునా సాగాయి. చివరికి, ఇంకోసారి జోన్ పేరెత్తితే విమానం ఇక్కడే వదిలేసి ఎయిర్‌లైన్ టికెట్ కొనుక్కుని ఇంటికొచ్చేస్తానని గట్టిగా చెప్పింది. సముద్రం మీద అంత ధైర్యం చూపించిన మనిషికి అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఫోనే అని నాకనిపిస్తుంది.

బెర్ముడా నుంచి అట్లాంటిక్‌లోనే ఉన్న అజోర్స్ దీవుల్లోని శాంటా మరియాకి రాత్రి ప్రయాణం. మబ్బుల్లో రెక్కల మీద మంచు పట్టింది. ఆ చిన్న విమానానికి మంచు వదిలించుకునే ఏర్పాటేమీ లేదు. ఎత్తు మార్చుకుంటూ వెచ్చటి గాలి దొరికేదాకా ఓపిక పట్టడమే దారి. మబ్బు నేల దగ్గర దాకా దిగి ఉంటే, పరికరాలు చూసుకుంటూ దిగింది. అక్కణ్ణుంచి కాసాబ్లాంకా, అల్జీరియాలో బోన్, లిబియాలో ట్రిపోలీ.

రెండో తీగ సంగతి ఇక్కడొస్తుంది.

హెచ్‌ఎఫ్ తరంగాలు పొడవైనవి. 3 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం 100 మీటర్లు. అందులో నాలుగో వంతు తీగ కావాలన్నా 25 మీటర్లు. 26 అడుగుల విమానం మీద అంత ఏరియల్ ఎక్కడ బిగిస్తారు? అందుకని తీగని ఒక రీలుకి చుట్టి, చివర బరువు కట్టి, గాల్లోకి లేచాక వెనక్కి వదులుతారు. దిగే ముందు మళ్ళీ చుట్టేయాలి. పాత డకోటా విమానాల్లో కూడా ఇలాంటివే ఉండేవని, తీగ చుట్టడం మర్చిపోయి దిగినవాళ్ళ గురించి మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. జెర్రీ విమానంలో ఆ రీలుని తిప్పడానికి ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉండేది.

లిబియా ఎడారి మీద వెళ్తుండగా ఆవిడకి కాలుతున్న వాసన వచ్చింది. వెతికితే ఆ మోటారు తీగ. పని అయిపోయినా మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉండి, తీగ కాగిపోయి ఎర్రబడింది. పక్కనే క్యాబిన్‌లో పెట్టించుకున్న పెట్రోలు ట్యాంకు. పెట్రోలు బంకులో బీడీ వెలిగించి కూర్చున్నట్టే. కింద దిగడానికి ఇసుక తప్ప ఏమీ లేదు. దిగినా ఎవరికీ చెప్పుకునే వీలు లేదు. ఆవిడ స్విచ్ ఆపేసి కూర్చుంది. మెల్లగా తీగ చల్లబడింది, ఎరుపు తగ్గింది. అంతకు మించి అక్కడ చేయగలిగింది లేదు. మంటలార్పే మందు చల్లితే ఊపిరాడదు, చల్లకపోతే ట్యాంకు. ఇలాంటప్పుడు ముందు కరెంటు ఆపాలని ట్రేడ్‌లో మొదటి నెలలోనే నేర్పుతారు కానీ, ఆ చిన్న గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యి సరైన స్విచ్ మీదికి వెళ్ళడం వేరే సంగతి. నేను ఆవిడని పైలట్‌గా గౌరవించేది ఈ ఒక్క ఘట్టానికే. మిగతావన్నీ దీని తర్వాత.

కైరోకి చేరేసరికి చీకటి పడింది. కింద ఒక ఎయిర్‌ఫీల్డ్ కనిపిస్తే కైరో అనుకుని దిగింది. అది ఇన్షాస్. ఈజిప్టు సైనిక స్థావరం. తుపాకులతో సైనికులు చుట్టుముట్టారు. నాసర్ పాలన రోజులు, ఇజ్రాయెల్ అంటే నిప్పు. అలాంటి సమయంలో ఒక అమెరికన్ విమానం చెప్పాపెట్టకుండా వచ్చి రన్‌వే మీద ఆగితే, అందులోంచి స్కర్టు, బ్లౌజు వేసుకున్న ఐదడుగుల మనిషి దిగితే వాళ్ళు మాత్రం ఏమనుకోవాలి? కొన్ని గంటలు కూర్చోబెట్టి, విచారించి, చివరికి అసలు కైరో ఎయిర్‌పోర్టుకి వెళ్ళనిచ్చారు. నేనే ఆ రాత్రి అక్కడ గార్డు డ్యూటీలో ఉంటే అంత మర్యాదగా ఉండేవాణ్ణో లేదో.

సౌదీలోని ధహ్రాన్‌లో ఇంకో వింత. దిగాక చుట్టూ జనం. ఎవరికోసమో ఎదురుచూస్తున్నారు. ఒకాయన వెళ్ళి లోపలికి తొంగి చూసి, మగవాడెవరూ లేడని అందరికీ చెప్పాడు. అప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ దేశంలో ఆడవాళ్ళు కారు నడపడానికే వీల్లేని రోజులు అవి.

తర్వాత కరాచీ, ఢిల్లీ, కలకత్తా. 1964 ఏప్రిల్ మొదట్లో ఆ ఎర్ర రెక్కల సెస్నా మన దేశం మీదుగా పడమటి నుంచి తూర్పుకి అడ్డంగా ఎగిరి వెళ్ళింది. నెహ్రూ గారు ఇంకా ఉన్నారు, దేశం చైనా యుద్ధం నుంచి ఇంకా తేరుకుంటోంది. అమీలియా కూడా 1937లో కరాచీ నుంచే వచ్చి కలకత్తా డమ్‌డమ్‌లో దిగింది. ఎయిర్‌ఫోర్స్‌లో మాకు విమాన చరిత్ర కొంత చెప్పేవారు. రైట్ సోదరులు, లిండ్‌బర్గ్, మన జె.ఆర్.డి. టాటా. వీళ్ళలో జెర్రీ మాక్ పేరు నేనెప్పుడూ వినలేదు. మన గడ్డ మీద దిగి, పెట్రోలు పోయించుకుని వెళ్ళిన మనిషి సంగతి నాకు అరవై దాటాక అమెరికాలో తెలిసింది.

బ్యాంకాక్, మనీలా, గువాం, వేక్ ద్వీపం, హొనొలులు. పసిఫిక్ మీద అన్నీ పెద్ద పెద్ద దూరాలే అయినా కథగా చెప్పుకోవడానికి తక్కువ. అదృష్టం బాగుంటే పొడవైన ప్రయాణాలు విసుగ్గానే ఉంటాయి. హొనొలులు నుంచి ఓక్లాండ్‌కి దాదాపు 2,400 మైళ్ళు, మధ్యలో దిగడానికి ఏమీ లేదు. ఒకే ఇంజిన్ అంత దూరమూ ఒకేలా మోగాలి. మోగింది. ఆ ఇంజిన్ బిగించినవాళ్ళ పేర్లు ఎక్కడైనా రాశారేమోనని చూశాను, నా కంట పడలేదు. వాళ్ళ పని బాగుంది కాబట్టి ఎవరికీ గుర్తు రాలేదు. తీగ కలపనివాడు మాత్రం పుస్తకాలకెక్కాడు.

ఏప్రిల్ 17 రాత్రి కొలంబస్‌లో దిగింది. 29 రోజుల 11 గంటల 59 నిమిషాలు. సుమారు 23 వేల మైళ్ళు. ఒంటరిగా విమానంలో ప్రపంచాన్ని చుట్టిన మొదటి స్త్రీ. మే 4న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వైట్‌హౌస్‌కి పిలిచి పతకం ఇచ్చాడు. జోన్ స్మిత్ అప్పటికింకా దారిలోనే ఉంది. సురినామ్‌లో పెట్రోలు ట్యాంకు లీకు వల్ల ఆమెకి రోజులకు రోజులు పోయాయి. ఆమె ఓక్లాండ్ చేరింది మే 12న. అమీలియా వేసుకున్న దారిని ఒంటరిగా పూర్తి చేసింది ఆమే, అదీ రెండు ఇంజిన్లు ఉన్నా తేలిక కాని దారిలో. మర్నాటి పత్రికల్లో ఎంత చోటు దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏడాది తిరగకుండానే, 1965 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలో విమాన ప్రమాదంలో చనిపోయింది. జెర్రీ గురించి రాసేవాళ్ళు జోన్‌ని ఓడిపోయిన మనిషిలా ఒక వాక్యంలో కొట్టిపారేస్తుంటారు. అది అన్యాయం. ఎవరి దరఖాస్తు ముందు చేరిందో, ఎవరి ట్యాంకు కారిందో, తేడా అంతే.

ఇంటికొచ్చాక జెర్రీ చార్లీని మళ్ళీ నడపలేదు. సెస్నా కంపెనీ దాన్ని తీసుకుని ఫ్యాక్టరీలో వేలాడదీసి, బదులుగా ఆవిడకి కొత్త సెస్నా 206 విమానం ఇచ్చింది. ప్రచారానికి పాత విమానం వాళ్ళకి బంగారం. ఆవిడకి అదెలా అనిపించిందో గానీ, నాకైతే ఆ బేరం నచ్చలేదు. ఎడారిలో కాలిన తీగ ఉన్న విమానమది! కొత్త విమానంతో ఆవిడ ఇంకొన్ని వేగం రికార్డులు కొట్టింది. 1969లో దాన్ని తనే నడుపుకుంటూ న్యూ గినీకి తీసుకెళ్ళి అక్కడి మిషనరీలకు ఇచ్చేసింది. ఆ తర్వాత విమానం నడపడం దాదాపు ఆగిపోయింది. కారణం మరేం కాదు, ఖర్చు. ప్రపంచాన్ని చుట్టిన మొదటి స్త్రీకి పెట్రోలు కొనుక్కునే స్తోమత లేకపోయింది. చివరి రోజులు ఫ్లోరిడాలో క్విన్సీ అనే చిన్న ఊళ్ళో గడిపి 2014 సెప్టెంబరు 30న పోయింది. 88 ఏళ్ళు. అదే ఏడు ఏప్రిల్‌లో, యాత్ర ముగిసి యాభై ఏళ్ళయిన రోజున, కొలంబస్ ఎయిర్‌పోర్ట్‌లో విగ్రహం పెట్టారు.

మ్యూజియంలో మా కోడలు అడిగింది, 'ముగ్గురు పిల్లల్ని వదిలేసి నెల రోజులు ఎలా వెళ్ళింది మావయ్యా?' అని. ఆ రోజుల్లో పత్రికలవాళ్ళూ ఆవిడని ఇదే అడిగేవారు. షటిల్‌లో అంతరిక్షానికి వెళ్ళిన మగవాళ్ళ గురించి ఎందుకు అడగలేదమ్మా అన్నాను. కోడలు నవ్వి, 'మీరు జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడు ఇంట్లో అత్తయ్యని కూడా ఎవరూ అడగలేదు లెండి' అంది. మా ఆవిడ అక్కడే ఉంది. ఆ చర్చ ఇంటికెళ్ళేదాకా కారులో నడిచింది, నేను పెద్దగా మాట్లాడలేదు.

వర్జీనియా వైపు వచ్చేవాళ్ళకి ఒక మాట. ఉడ్వర్-హేజీలో ప్రవేశం ఉచితం, పార్కింగుకి మాత్రం డబ్బు తీసుకుంటారు. పిల్లలుంటే ఎలాగూ ముందు షటిల్ చూపించాల్సిందే. మేం అక్కడ చూసిన చార్లీ మాత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వాళ్ళ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది, అక్కడికి వెళ్ళి అది ఎక్కడుందో వాలంటీర్లని అడగండి. వాళ్ళలో రిటైరైన పైలట్లూ మెకానిక్కులూ ఉంటారు. కాస్త కదిలిస్తే చాలు, గంటసేపు వదలరు.